ఛాతీ నొప్పిలో గుండె స్కానింగ్

ఎకో అన్నా, టూడీ ఎకో అన్నా, గుండె స్కానింగ్ అన్నా పరీక్ష ఒక్కటే. చెవికి అందని ధ్వనిని ఛాతీ మీది నుంచి లోపలికి పంపి, గుండె గోడలకు, కవాటాలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనితో కదిలే బొమ్మను కడుతుంది ఈ యంత్రం. మనిషి చెవికి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినిపిస్తాయి. పెద్దవారి గుండె చూడటానికి వాడే ధ్వని సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాల మధ్య ఉంటుంది. శరీరంలో అది సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. 15 సెంటీమీటర్ల లోతుకు పోయి తిరిగి రావడానికి సెకనులో అయిదువేలవ వంతు సమయం చాలు. అందుకే కొట్టుకుంటున్న గుండెను కొట్టుకుంటున్నట్టే చూపగలుగుతుంది. ఎక్స్‌రే కిరణాలు లేవు, సూది లేదు, గర్భిణులకైనా నిశ్చింతగా చేయవచ్చు.

ఛాతీలో నొప్పి వచ్చిన మనిషికి గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందో లేదో ఈ పరీక్షతో తేలుతుందా అన్నది అసలు ప్రశ్న. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటాయి. ఆ నాళాలు గుండెతోపాటు క్షణం నిలవకుండా కదులుతూ ఉంటాయి. ఛాతీ పైనుంచి తీసే ఎకోలో వాటి మొదళ్ళు కొన్నిసార్లు కనిపించినా, లోపల పేరుకున్న కొవ్వు, దానివల్ల వచ్చిన ఇరుకు కనిపించవు. ఎకోలో కనిపించేది ఆ రక్తం మీద బతికే కండరం. నెల్లూరు జిల్లాలోని సోమశిల కాలువ చివరి భూములకు నీరు అందుతున్నదో లేదో తెలుసుకోవడానికి కాలువ గట్టంతా తిరగనక్కరలేదు, అక్కడి పైరు చూస్తే చాలు. ఎకో చేసే పని అదే. కండరం కదలికను బట్టి నాళం స్థితిని ఊహిస్తుంది. ఈ పరీక్ష బలమూ బలహీనతా రెండూ ఇక్కడినుంచే పుడతాయి.

కండరం ఇచ్చే ఈ సాక్ష్యం నమ్మదగినదని 1935లోనే రుజువైంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాబర్ట్ టెనంట్, కార్ల్ విగ్గర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క గుండెలో ఒక కరోనరీ నాళాన్ని బిగించి చూశారు. దాదాపు ఒక నిమిషంలోనే ఆ నాళం కిందున్న కండరం ముడుచుకోవడం మానేసింది. పక్క కండరమంతా ముడుచుకుంటుంటే ఆ ముక్క మాత్రం బయటికి ఉబ్బింది. మనిషిలో అదే దృశ్యాన్ని కోత లేకుండా చూసే సాధనం రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో గుండె వైద్యుడు ఇంగె ఎడ్లర్, భౌతికశాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్జ్ కలిసి ఓడల కర్మాగారాల్లో లోహపు పగుళ్ళు వెతికే ధ్వని యంత్రాన్ని గుండె మీద పెట్టి చూశారు. 1953 అక్టోబరులో మొదటిసారి గుండె కదలికలను రికార్డు చేశారు. ఎడ్లర్ వెతికింది కరోనరీ జబ్బు కాదు, మైట్రల్ కవాటం ఇరుకు. ఆ రోజుల్లో తెరమీద కనిపించేది ఒక్క గీత. 1970ల్లో రెండు కొలతల బొమ్మ వచ్చాకనే గుండె గోడలను ముక్కముక్కగా చూడటం సాధ్యమైంది. టూడీ అన్న పేరు అప్పటిదే. కరోనరీ జబ్బుకు ఎకో పనికివచ్చింది నిజానికి అప్పటినుంచే.

ఇక్కడ ఒక విషయం నిదానంగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. నాళం సగం మూసుకుపోయినా, మనిషి కూర్చుని ఉన్నప్పుడు కండరానికి రక్తం తగ్గదు. నాళం ఇరుకైనకొద్దీ దాని కిందనున్న సన్న నాళాలు వెడల్పై లోటును పూడ్చుకుంటాయి. విశ్రాంతిలో ఉన్న మనిషికి రక్తం తగ్గాలంటే నాళం వెడల్పులో 85, 90 శాతం దాకా మూసుకుపోవాలి. కష్టపడి పనిచేసేటప్పుడు మాత్రం సగానికి మించిన ఇరుకే చాలు, గుండె అడిగినంత రక్తం అందదు. ఎండలో గుట్ట ఎక్కినప్పుడో బస్తా మోసినప్పుడో ఛాతీ బిగబట్టి, ఆగి నిలబడగానే తగ్గిపోయే నొప్పికి కారణం ఇదే. అలాంటి మనిషి ఆసుపత్రి బల్లమీద ప్రశాంతంగా పడుకుని ఎకో తీయించుకుంటే గుండె గోడలన్నీ చక్కగా కదులుతూ కనిపిస్తాయి. రిపోర్టులో అంతా మామూలుగా ఉందని వస్తుంది. నాళంలో మాత్రం 70 శాతం అడ్డు అలాగే ఉంటుంది.

కాబట్టి నొప్పి లేని సమయంలో, విశ్రాంతిలో తీసిన ఎకో బాగుంటే దానికి అర్థం ఒక్కటే: ఇంతవరకు కండరం పెద్దగా దెబ్బతినలేదు. నాళాల్లో అడ్డులు లేవని ఆ కాగితం చెప్పదు. ఊళ్ళలో ఎకో నార్మల్ అన్న మాట గుండె జబ్బు లేదన్న మాటగా మారిపోవడం ప్రమాదకరమైన అపార్థం. ఆ కాగితం చూసుకుని ఆస్పిరిన్ మానేసినవారు, మళ్ళీ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవారు ప్రాణం మీదికి తెచ్చుకునే అవకాశం ఉంది.

నొప్పి ఉండగానే తీసిన ఎకో సంగతి వేరు. కండరానికి రక్తం తగ్గినప్పుడు లోపల ఒక వరుసలో మార్పులు జరుగుతాయి. మొదట కండర కణాల్లో రసాయన మార్పులు వస్తాయి. తరువాత కండరం సడలే తీరు మందగిస్తుంది, ఆ తరువాత ముడుచుకునే తీరు దెబ్బతింటుంది. ఈసీజీలో మార్పు సాధారణంగా దాని తరువాతిది. మనిషికి నొప్పి తెలిసేది అన్నిటికన్నా చివర. అంటే నొప్పి తెలిసే వేళకు గోడ కదలిక అప్పటికే తగ్గి ఉండాలి. నొప్పి జోరుగా ఉన్నప్పుడు గుండె గోడలన్నీ బాగా కనిపిస్తూ, అన్నీ సరిగా ముడుచుకుంటుంటే, ఆ నొప్పి పెద్ద కరోనరీ అడ్డు వల్ల వచ్చే అవకాశం తక్కువ. నొప్పి తగ్గి కొన్ని గంటలైతే ఆ సాక్ష్యం చెరిగిపోవచ్చు. కొందరిలో మాత్రం రక్తం తిరిగి అందాక కూడా కండరం గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ మొద్దుబారి ఉంటుంది, అలాంటివారికి ఆలస్యంగా తీసినా జాడ దొరుకుతుంది.

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ సమయం లెక్కకు దూరం తోడవుతుంది. అనుమసముద్రంపేటనే తీసుకుంటే, అది మండల కేంద్రం. ఖాజా నాయబ్ రసూల్ దర్గా వల్ల ఏడాది పొడవునా జబ్బుపడ్డవారు, వారి కుటుంబాలు దూరప్రాంతాల నుంచి వచ్చే ఊరు. దగ్గరి పట్టణం ఆత్మకూరు. అక్కడినుంచి నెల్లూరు 50 కిలోమీటర్లకు పైమాటే. ఉదయగిరి నుంచైతే నెల్లూరు వంద కిలోమీటర్లకు దగ్గర. గుండె నాళాల్లోకి గొట్టం పంపి చూసే క్యాథ్ ల్యాబ్ కావాలంటే నెల్లూరుకో, తిరుపతి స్విమ్స్ వంటి సంస్థకో వెళ్ళాలి. పడమటి మండలంలో తెల్లవారుజామున ఛాతీ పట్టేసిన రైతుకు ఏ పరీక్ష ముందు, ఏది తరువాత అన్నది చాలా ముఖ్యమవుతుంది.

ముందు జరగవలసింది ఈసీజీ. ఆసుపత్రి గడప దాటిన 10 నిమిషాల్లోపు అది తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. ఈసీజీలో ఎస్టీ భాగం పైకి లేచి కనిపిస్తే పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయిందని దాదాపు ఖాయం. ఇక అప్పుడు ఎకో కోసం ఆగడం తప్పు. రెండు గంటల్లోపు క్యాథ్ ల్యాబ్‌కు చేరి నాళం తెరిపించుకునే వీలుంటే అక్కడికి పంపాలి. అంత వేగంగా చేరే వీలు లేకపోతే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ వంటి ఇంజక్షన్ దగ్గరి ఆసుపత్రిలోనే ఇచ్చి తరువాత పంపాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టెమీ పేరుతో 2023లో మొదలుపెట్టిన కార్యక్రమం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యులు దూరం నుంచే చూసి చెబితే, ఆ ఖరీదైన ఇంజక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. ఉదయగిరి లాంటి చోట నుంచి బయలుదేరిన రోగికి రెండు గంటల గడువు దారిలోనే అయిపోతుంది. ఎకో యంత్రం ఎంత మంచిదైనా ఆ ఇంజక్షన్ ముందు దాని వంతు రాకూడదు.

ఎకో నిజంగా పనికివచ్చేది ఈసీజీ తేల్చలేనప్పుడు. గుండెపోటు వచ్చినవారిలో చాలామందికి మొదటి ఈసీజీ స్పష్టంగా ఉండదు. గుండె కండరం దెబ్బతిన్నదని చెప్పే ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే ఆ పరీక్షను గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. ఈ సందిగ్ధ సమయంలో ధ్వనిని పంపే ప్రోబ్‌ను ఛాతీ మీద పెట్టి చూస్తే, ఒక గోడ కదలకుండా ఉండటం కళ్ళకు కనబడవచ్చు. ముఖ్యంగా గుండె వెనుక భాగానికి రక్తం తెచ్చే సర్కమ్‌ఫ్లెక్స్ నాళం మూసుకుపోయినప్పుడు మామూలు ఈసీజీ చాలాసార్లు మోసం చేస్తుంది. ఎకోలో పక్క గోడ నిలిచిపోవడం ఆ మోసాన్ని బయటపెడుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారిలో, వయసు మళ్ళినవారిలో, ఆడవారిలో నొప్పికి బదులు ఆయాసం, చెమటలు, నీరసం, దవడ లాగడం మాత్రమే ఉండవచ్చు. అలాంటివారికీ ఎకో దారి చూపుతుంది.

గుండె జబ్బు పట్టణాల జబ్బు అన్న నమ్మకం ఆంధ్ర పల్లెల్లో ఎప్పుడో చెదిరిపోయింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003, 2004 సంవత్సరాల్లో జరిగిన మరణాలన్నిటినీ ఇంటింటికీ తిరిగి నమోదు చేస్తే, దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. ఆత్మకూరు ప్రాంతానికి ఈ జబ్బు భయం మరింత దగ్గరగా తెలిసింది 2022 ఫిబ్రవరి 21న. ఆత్మకూరు శాసనసభ్యుడు, అప్పటి రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి ఆ ఉదయం హైదరాబాద్‌లో గుండె ఆగి, 50 ఏళ్ళకే కన్నుమూశారు. అనుమసముద్రంపేట మండలం ఆయన నియోజకవర్గంలోనిదే. అలాంటి వార్త విన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నవారు కూడా ఎకో తీయించుకుందామని బయలుదేరడం సహజం. కానీ ఏ బాధా లేని మనిషికి విశ్రాంతిలో తీసే ఎకో మున్ముందు గుండెపోటు వస్తుందో రాదో చెప్పలేదు. ఆ డబ్బుతో బీపీ, చక్కెర, కొలెస్ట్రాల్ చూపించుకోవడం, బీడీ, సిగరెట్ మానడం ఎక్కువ ఫలితమిస్తాయి.

పరీక్ష జరిగే తీరు సులువైనదే. రోగిని ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెడతారు. అలా పడుకుంటే గుండె పక్కటెముకల దగ్గరికి వస్తుంది, మధ్యలో అడ్డొచ్చే ఊపిరితిత్తి పక్కకు తొలగుతుంది. గాలి, ఎముక ఈ ధ్వనికి ఆటంకాలు, జెల్లీ పూసేది చర్మానికీ ప్రోబ్‌కూ నడుమ గాలి లేకుండా చేయడానికే. రొమ్ముటెముక పక్కన, గుండె కొన దగ్గర, పొట్ట పైభాగాన ఇలా మూడు నాలుగు చోట్ల ప్రోబ్ పెట్టి చూస్తారు. పావుగంట నుంచి అరగంట పడుతుంది. ఏళ్ళతరబడి పొగ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవారిలో, బాగా లావుగా ఉన్నవారిలో బొమ్మ సరిగా రాదు. కొన్ని గోడలు కనిపించనేలేదని రాయడం నిజాయితీగల రిపోర్టు లక్షణం. కనిపించని గోడను బాగుందని రాస్తే రోగికి అన్యాయం జరుగుతుంది.

రక్తాన్ని ఒంటికంతా నెట్టే గుండె గదిని, అంటే ఎడమ జఠరికను, వైద్యులు 16 లేదా 17 ముక్కలుగా విభజించి చూస్తారు. ఒక్కో ముక్క ఒక్కో నాళం పొలిమేరలో ఉంటుంది. ముందు గోడ, మధ్య గోడలో ఎక్కువ భాగం, గుండె కొన ఎల్ఏడీ అని పిలిచే ముందు నాళానివి. కింది గోడ ఎక్కువగా కుడి నాళానిది. పక్క గోడ సర్కమ్‌ఫ్లెక్స్‌ది. మనిషికీ మనిషికీ ఈ హద్దులు కొంచెం మారతాయి. ప్రతి ముక్కలోనూ చూసేవి రెండు: లోపలికి ఎంత కదులుతోంది, ముడుచుకున్నప్పుడు ఎంత మందమవుతోంది. ఈ రెండో దానికే విలువ ఎక్కువ. చచ్చిన కండరాన్ని పక్కనున్న బతికిన కండరం లాగుతుంటే అదీ కదులుతున్నట్టే కనిపిస్తుంది, మందం మాత్రం పెరగదు. ముక్క మామూలుగా పనిచేస్తే ఒక మార్కు, మందగిస్తే రెండు, అసలు కదలకపోతే మూడు, ఎదురు దిక్కుకు ఉబ్బితే నాలుగు. ఇక్కడ మార్కులు పెరిగినకొద్దీ గుండె దెబ్బతిన్నట్టు.

రిపోర్టు చేతికొచ్చాక ఇంటివారిని తికమకపెట్టే మాటలు కొన్ని ఉంటాయి. ఆర్‌డబ్ల్యూఎంఏ అంటే గుండె గోడలో ఒక భాగం కదలిక తగ్గిందని. నో ఆర్‌డబ్ల్యూఎంఏ అంటే ఆ సమయానికి అలాంటి లోటు కనిపించలేదని. హైపోకైనిసియా మందగింపు, ఎకైనిసియా కదలకపోవడం. ఈఎఫ్ అన్న అంకె జఠరిక ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెబుతుంది, 55 నుంచి 70 శాతం దాకా మామూలు. నూటికి నూరు ఉండాలి కదా అని 60 చూసి కంగారుపడేవారుంటారు, ఆ భయం అక్కరలేదు. దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. ఒక గోడ ఆగిపోయినా మిగిలిన గోడలు రెట్టింపు పనిచేసి ఈఎఫ్‌ను 60 దగ్గరే నిలబెట్టవచ్చు. అందుకే ఛాతీ నొప్పిలో ఈఎఫ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు.

గ్రేడ్ 1 డయస్టోలిక్ డిస్‌ఫంక్షన్ అన్న మాట యాభై దాటినవారి రిపోర్టుల్లో తరచుగా కనిపిస్తుంది. గుండె సడలడం కాస్త నెమ్మదించిందని దాని అర్థం. వయసు, బీపీ, చక్కెర దాని సాధారణ కారణాలు, బ్లాకులు ఉన్నాయనడానికి అది రుజువు కాదు. ట్రివియల్ ఎంఆర్, మైల్డ్ టీఆర్ అన్నవి కవాటాల దగ్గర కొద్దిపాటి లీకులు, ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. ఈ మాటలు చూసి నెలలకొద్దీ భయపడేవారు, అసలు ముఖ్యమైన ఆర్‌డబ్ల్యూఎంఏ అన్న నాలుగు అక్షరాలను దాటిపోయేవారు ఇద్దరూ ఉంటారు. రిపోర్టును తీసినవారో పంపినవారో రోగికి అర్థమయ్యేలా విడమరచి చెప్పడం పరీక్షలో భాగమే కావాలి.

గోడ కదలిక తగ్గిన ప్రతిసారీ కారణం తాజా అడ్డే కానక్కరలేదు. ఎప్పుడో వచ్చి తెలియకుండా పోయిన గుండెపోటు మచ్చ కావచ్చు. పాత మచ్చ అయితే ఆ గోడ పలుచబడి, తెరమీద తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, తాజా దెబ్బలో మందం ఇంకా తగ్గి ఉండదు. గుండెలో విద్యుత్ సంకేతాన్ని మోసే ఎడమ తీగలో అడ్డు, పేస్‌మేకర్, బైపాస్ ఆపరేషన్ ఇవి ఉన్నవారిలో మధ్య గోడ వింతగా కదులుతుంది. వైరస్ వల్ల వచ్చే గుండె కండర వాపులోనూ గోడలు మందగిస్తాయి. తీవ్రమైన దుఃఖం, భయం తరువాత, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలలో, గుండె కొన బుడ్డిలా ఉబ్బిపోయే టాకోట్సుబో అనే స్థితి ఉంది. అది ఎకోలో అచ్చం ముందు నాళపు గుండెపోటులాగే కనిపిస్తుంది, నాళాలు మాత్రం తెరిచే ఉంటాయి. పాత రిపోర్టు ఒకటి చేతిలో ఉంటే ఈ చిక్కుల్లో సగం విడిపోతాయి. పాత ఎకో కాగితాలను పారేయకుండా రేషన్ కార్డుతోపాటు భద్రపరచుకోవడం రోగికి ఎంతో మేలు చేస్తుంది.

గుండెపోటు కాని ప్రాణాంతక జబ్బులను పట్టుకోవడంలోనూ ఎకో ఎంతో సాయపడుతుంది. పెద్ద ధమని గోడ లోపల చీలినప్పుడు వీపులోకి చీల్చుకుపోతున్నట్టు నొప్పి వస్తుంది. ఆ రోగికి గుండెపోటనుకుని గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. ఉబ్బిన ధమని, దానిలో ఊగుతున్న పొర, గుండె చుట్టూ చేరిన రక్తం ఎకోలో కనిపిస్తే వైద్యం మొత్తం మారిపోతుంది. కాలి నరంలోంచి గడ్డ లేచి ఊపిరితిత్తిలో ఇరుక్కున్నప్పుడు కుడి జఠరిక ఉబ్బుతుంది. గుండె పొరలో నీరు చేరడం, పెద్ద ధమని కవాటం ఇరుకు కావడం, గుండె కండరం వంశపారంపర్యంగా దళసరి కావడం కూడా ఛాతీ నొప్పితోనే బయటపడతాయి. చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరం మిగిల్చిన కవాట జబ్బు కూడా ఇదే పరీక్షలో తేలుతుంది.

విశ్రాంతిలో దాగిన అడ్డును బయటికి లాగడానికి గుండెను కష్టపెట్టి చూడాలి. దీనికి స్ట్రెస్ ఎకో అని పేరు. ముందు మామూలు బొమ్మ తీసుకుంటారు. తరువాత రోగిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, గుండె వేగం 220 నుంచి వయసు తీసేయగా వచ్చిన అంకెలో 85 శాతం దాటాక, దిగిన నిమిషంలోపు మళ్ళీ బొమ్మ తీస్తారు. మోకాళ్ళ నొప్పులవల్లో, పక్షవాతంవల్లో నడవలేనివారికి డొబ్యుటమిన్ మందును నరంలోకి మూడేసి నిమిషాల మెట్లలో పెంచుతూ ఎక్కిస్తారు. అది గుండెను పరుగెత్తిన మనిషి గుండెలా కొట్టుకునేలా చేస్తుంది. విశ్రాంతిలో బాగున్న గోడ కష్టంలో మందగిస్తే, దాని నాళంలో అడ్డు ఉందన్నమాట. గోడ ఏదో తెలిస్తే నాళం ఏదో కూడా తెలుస్తుంది. టీఎంటీ అనే మామూలు ట్రెడ్‌మిల్ పరీక్షలో ఈసీజీ గీతలు మాత్రమే చూస్తారు. దానికన్నా ఇది నమ్మకమైనది, ముఖ్యంగా టీఎంటీ తరచుగా తప్పు చెప్పే ఆడవారిలో. అడ్డు ఉన్న నూరుమందిలో దాదాపు ఎనభైమందిని స్ట్రెస్ ఎకో పట్టుకుంటుంది. కావలసినంత వేగం వచ్చినా గోడలన్నీ బలంగా ముడుచుకున్న మనిషికి ఆ తరువాతి ఏడాదిలో గుండెపోటు వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ.

ఇందులో ఎక్స్‌రే రంగు మందు వాడరు. కిడ్నీ దెబ్బతిన్నవారికి సీటీ యాంజియోగ్రామ్ చేయడానికి వైద్యులు జంకే చోట ఈ పరీక్ష చేయవచ్చు. అయితే నొప్పి ఆగకుండా వస్తున్నవారికి, గుండెపోటు వచ్చి ఒకటి రెండు రోజులైనా గడవనివారికి, కవాటం బాగా ఇరుకైనవారికి ఇది చేయకూడదు. గుండె లయ తప్పే ప్రమాదం అరుదుగానైనా ఉంది కనుక షాక్ ఇచ్చే యంత్రం, అనుభవమున్న వైద్యులు పక్కనే ఉండాలి. బొమ్మలు చదివే కన్ను కూడా తేలిగ్గా అలవడేది కాదు. అర సెకనైనా పట్టకుండా ముడుచుకునే గోడలో చిన్న మందగింపును గుర్తించడానికి వందల పరీక్షలు చూసిన అనుభవం కావాలి.

ఆ కంటికి సాయంగా వచ్చింది స్ట్రెయిన్ అనే కొలత. బొమ్మలోని చిన్న చిన్న చుక్కలను కంప్యూటర్ వెంటాడి, గుండె పొడవు ప్రతి దెబ్బకూ ఎంత శాతం కుదించుకుపోతుందో లెక్కకడుతుంది. ఆరోగ్యమైన గుండెలో అది 20 శాతం దగ్గర ఉంటుంది. రక్తం తగ్గినప్పుడు మొదట దెబ్బతినేది లోపలి పొర కండరపు పోగులు, అవి గుండె పొడవునా పరుచుకుని ఉంటాయి. అందుకే ఈఎఫ్, గోడ కదలిక బాగానే ఉన్నా స్ట్రెయిన్ తగ్గడం కొందరిలో ముందుగా కనిపిస్తుంది. కానీ ఈ అంకె యంత్రాన్ని బట్టి, బొమ్మ నాణ్యతను బట్టి మారుతుంది, బీపీ వల్ల కూడా తగ్గుతుంది. కాబట్టి దీన్ని ఒంటరి తీర్పుగా తీసుకోకూడదు.

జేబులో పట్టే ఎకో ప్రోబ్‌లు ఇప్పుడు ఫోనుకు తగిలించి వాడేంతగా వచ్చాయి. పడమటి మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అవి ఉంటే ఎంతో మేలు అనిపిస్తుంది. ఒక చిక్కు చట్టంలో ఉంది. గర్భస్థ శిశువు లింగాన్ని తెలుసుకోవడాన్ని నిషేధించిన 1994 నాటి చట్టం కింద ఇలాంటి అల్ట్రాసౌండ్ యంత్రాలను నమోదు చేయించాలి, మోసుకెళ్ళే యంత్రాలు నమోదైన చోటు దాటి తిరగడం మీద కట్టుబాట్లు ఉన్నాయి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడటానికి పెట్టిన ఆ కట్టుబాట్లు అవసరమైనవే. వాటిని సడలించకుండానే గుండె పరీక్షకు మాత్రమే పనికొచ్చే పరికరాలను, శిక్షణ పొందిన సిబ్బందిని పల్లె ఆసుపత్రులకు చేర్చే మార్గం వెతకాలి. చిన్న ప్రోబ్‌తో పెద్ద లోటు కనిపిస్తుంది, చిన్న లోటు కనిపించదు. కనుక అందులో బాగుందన్నా అనుమానం మిగిలిన రోగిని పెద్ద ఆసుపత్రికి పంపించి తీరాలి.

ఎకోలో గోడ ఆగిపోయి కనిపించినా, స్ట్రెస్‌లో మందగించినా తరువాతి మెట్టు సాధారణంగా నాళాల్లోకి గొట్టం పంపి చూసే యాంజియోగ్రామ్. అడ్డు ఎక్కడ, ఎంత అన్నది కచ్చితంగా చూపేది అదే. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో సాగుతున్న పథకం కింద స్టెంట్లకు, బైపాస్ ఆపరేషన్లకు పేద కుటుంబాలకు సాయం అందుతోంది. నాళం తెరవడం వల్ల మేలుంటుందా అన్నదానికీ ఎకోనే మళ్ళీ సాక్ష్యం ఇస్తుంది. కదలని కండరం అంతా చచ్చినది కాదు. కొంత భాగం రక్తం చాలక పని తగ్గించుకుని నిద్రాణంగా పడి ఉంటుంది. డొబ్యుటమిన్ కొద్ది మోతాదులో ఇస్తే అలాంటి కండరం కాస్త కదులుతుంది, మోతాదు పెంచితే మళ్ళీ ఆగిపోతుంది. ఈ రెండు దశల కదలిక కనిపిస్తే ఆ కండరం బతికే ఉందని, రక్తం అందితే కోలుకోవచ్చని తెలుస్తుంది.

గుండెపోటు వచ్చి వైద్యం జరిగాక ఆసుపత్రి నుంచి పంపేముందు ఎకో తప్పనిసరి. కదలని గుండె కొనలో రక్తం గడ్డకట్టిందా, కవాటాన్ని పట్టి ఉంచే కండరం తెగిందా, రెండు జఠరికల మధ్య గోడకు చిల్లు పడిందా అన్నవి అందులోనే తేలతాయి. గడ్డ కనిపిస్తే అది మెదడుకు పోయి పక్షవాతం రాకుండా రక్తం పలుచబరిచే మందు నెలలపాటు వాడాలి. ఈఎఫ్ తక్కువగా ఉన్నవారికి కనీసం 40 రోజులు సరైన మందులు వాడాక, స్టెంట్ వేసినా బైపాస్ చేసినా మూడు నెలలు ఆగాక, మళ్ళీ ఎకో తీస్తారు. మొద్దుబారిన కండరం కోలుకోవడానికి ఆ గడువు కావాలి. అప్పటికీ ఈఎఫ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువే ఉండి, నడిస్తే ఆయాసం వస్తుంటే, లయ తప్పి గుండె హఠాత్తుగా ఆగిపోకుండా కాపాడే ఐసీడీ అనే చిన్న యంత్రాన్ని భుజం కింద అమర్చడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. ఆ నిర్ణయానికి ఆధారం ఆ రెండో ఎకోలో వచ్చిన అంకె.